తట్టలో ఎర్ర పెట్టె

ఆ గ్రాఫిక్స్ కార్డు మా మేనకోడలు కోరుకున్నది కాదు. ఆ పిల్ల కోరుకున్నది వేరే. అది కొట్లో ఉంది, నా చేతిలోకి కూడా వచ్చింది, నా దగ్గరున్న డబ్బుకు సరిపోయేది కూడా. అయినా ఇంకోటి కొన్నాను. కొని, "నువ్వడిగింది స్టాకు లేదమ్మా" అని ఆ పిల్లతో అబద్ధం చెప్పాను. తర్వాత వాళ్ళ నాన్న, అంటే మా బావ, "నువ్వు కోరిందే కదా కొనిచ్చింది!" అని నలుగురిలో ఆ పిల్లను తిడుతుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగాను. గ్లాసు అడుగు దాకా తాగాను.

వాషర్‌మెన్‌పేటలో ఒక బట్టల కొట్లో నేను సేల్స్‌మన్‌ని. మీసాలు సరిగ్గా రాని వయసులో చేరాను. ఇప్పుడు మీసాలు నెరిశాయి, కౌంటర్ మాత్రం మారలేదు. మాది పెట్టుబడి చీరల కౌంటర్. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇచ్చిపుచ్చుకునే చీరలు. వీటిని కొనేవాళ్ళు కట్టుకోరు, కట్టుకునేవాళ్ళు కొనరు. అందుకే ఈ చీరల్లో నేత కన్నా పెట్టె ముఖ్యం. "అంచు పైకి కనబడేట్టు మడత పెట్టు. పెట్టె పెద్దది వెయ్యి. తట్టలో నిండుగా ఉండాల" అని కొత్తగా పనిలో చేరినవాళ్ళకు నేనే నేర్పిస్తాను. ఎంతమందికి నేర్పించానో లెక్కలేదు. ఆ పాఠం నా ఒంట్లోకే ఎంతగా దిగిపోయిందో మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

మా అక్కను తొండియార్‌పేటలో ఇచ్చాం. బావ హార్బర్‌లో క్రేన్లు బాగుచేసే పని చేస్తాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. మా ఇళ్ళల్లో ఆడపిల్లకు మేనమామ సీరు పెట్టాలి. చీర, గాజులు, పళ్ళు, వీలుంటే కాస్త బంగారం తట్టల్లో పేర్చుకుని నలుగురు చూస్తుండగా తీసుకుపోవాలి. ఆ పిల్ల పెద్దమనిషైన ఏడు మా ఆవిడకు ఆపరేషన్ జరిగింది. నా చేతిలో ఏమీ మిగల్లేదు. కొట్లోంచి ఒక చీర, మార్కెట్లో నాలుగు పళ్ళు, అంతే పట్టుకుపోయాను. బావ వాళ్ళ అక్క నా తట్ట చూసి, "మేనమామ వచ్చినాడు సరే, సీరు వెనకాల లారీలో వస్తా ఉండాదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అక్క మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

పిల్ల పెద్దదయింది. డిగ్రీ అయ్యాక యానిమేషన్ కోర్సులో చేరింది. ఒక ఆదివారం వాళ్ళింటికి పోతే తను తీస్తున్న బొమ్మల సినిమా చూపించింది. అచ్చం వాళ్ళ వీధే. నీళ్ళ లారీ హారన్ వినబడగానే ఇళ్ళల్లోని ప్లాస్టిక్ బిందెలన్నీ వాటంతటవే మెట్లు దిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ క్యూలో నిలబడతాయి. అంచు విరిగిన ఒక ఆకుపచ్చ బిందె మెట్ల మీదే ఆగిపోతుంది. క్యూలో ముందున్న నీలం బిందె వెనక్కి చూసి, తన వంతు వదిలేసి, దానికోసం మెట్లెక్కుతుంది. అంతే కథ. ఇంకా రంగులు, వెలుగునీడలు పడలేదు. అన్నీ బూడిద రంగు మట్టి బొమ్మల్లా ఉన్నాయి. అయినా మళ్ళీ వెయ్యమని రెండుసార్లు చూశాను.

"బిందెకి ఇంత బుద్ధి ఉండాదే, మా వీధిలో మనుషులకి లేదు" అంది అక్క.

"మంచి బ్యాంకు పరీక్ష రాయవే అంటే, బిందెలకి కాళ్ళు పెడతా ఉండాది" అన్నాడు బావ. అయితే ఆయన మొండివాడు కాదు. కూతురికి ఒక మాట ఇచ్చాడు. వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌కు ఒక పెద్ద స్టూడియో వాళ్ళు వస్తారట. ఒక నిమిషం సినిమా పూర్తిగా తయారుచేసి ఇచ్చినవాళ్ళలోంచి పనికి తీసుకుంటారట. "అందులో దొరికిందా, నీ దారి నీది. దొరకలేదా, ఏడుపూ గీడుపూ లేకుండా బ్యాంకు కోచింగ్‌కి పోవాల. సరియా?" అన్నాడు. ఆ పిల్ల సరేనంది.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. బొమ్మలకు వెలుగునీడలు అద్ది వీడియోగా మార్చే పనిని వాళ్ళు రెండరింగ్ అంటారు. ఆ భారం మోయడానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. తన దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్. అందులో అలాంటి కార్డు లేదు.

"నేను కొనిస్తా" అన్నాను. "ఆయుధపూజకి. అప్పుడు పెట్టలేని సీరు ఇప్పుడు పెడతా."

అక్క కళ్ళు తుడుచుకుంది. నేను ఎంత పెట్టగలనో ఆ పిల్లకు చెప్పాను. పెద్ద మొత్తమేం కాదు. ఆ పిల్ల వారం రోజులు వీడియోలు చూసి, తోటి పిల్లలను అడిగి, ఒక కార్డు ఎంచి నాకు ఫోన్ చేసింది.

"మామా, ముఖ్యంగా రెండు కంపెనీలు ఉండాయి. ఒకటి ఆకుపచ్చ పెట్టెలో వస్తాది, ఇంకోటి ఎర్ర పెట్టెలో. నాకు ఆకుపచ్చదే కావాల."

"ఏం, ఎర్రది మంచిది కాదా?"

"మంచిదే. గేములు ఆడేవాళ్ళకి అదే లాభం. అదే రేటుకి మెమరీ ఎక్కువ ఇస్తారు. కానీ మా క్లాసులో నేర్పిన రెండరింగ్ సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చ కార్డుతోనే పని చేస్తాది. ఎర్రది ఎంత పెద్దదైనా దాని కంటికి కనబడదు."

"ఇదేం చోద్యమమ్మా!"

"నీ కొట్టుకి తమిళం మాత్రమే తెలిసిన పెద్దావిడ వచ్చిందనుకో. ఆమె దగ్గరికి హిందీ మాత్రమే తెలిసిన సేల్స్‌మన్‌ని పంపిస్తావా? ఆయన ఎంత మంచి సేల్స్‌మన్ అయితే ఏం లాభం చెప్పు?"

నవ్వాను. నాకు పూర్తిగా అర్థమయింది. అర్థం కాలేదని ఇప్పుడు తప్పించుకోలేను.

"నువ్వూ రా, కలిసి పోయి కొందాం" అన్నాను. ఫోన్ పక్కనుంచి అక్క అందుకుంది. "బాగుండాదిరా! సీరు పుచ్చుకునే పిల్ల కొట్టుకొచ్చి బేరం చేస్తాదా? అది సీరు అనిపించుకోదు, సంత అనిపించుకుంటాది. నువ్వే పోయి తీసుకురా."

అలా నేను ఒక్కడినే కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు పోయాను. ఆ వీధిలో మనిషికీ మనిషికీ మధ్య వైర్లు తప్ప ఖాళీ ఉండదు. ఒక కొట్లో పేరు చెప్పి అడిగితే, కొట్టతను వెంటనే తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ పెట్టె. చూడగానే నా మనసు చిన్నబోయింది. అర కిలో మిఠాయి పెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. చంకలో పెట్టుకుంటే కనబడదు.

"ఇంత డబ్బుకి ఇంతేనా?" అన్నాను.

అతను నవ్వాడు. "ఏం పనికి అన్నా? గేములకైతే ఇదే రేటులో ఇది చూడండి" అని తమిళంలో అంటూ పక్కన ఇంకో పెట్టె పెట్టాడు. ఎర్రది. నిండుగా, పొడుగ్గా, పట్టుచీర పెట్టెలా ఉంది. పైన మూడు ఫ్యాన్ల బొమ్మ. మెమరీ అంకె కూడా పెద్దది. వెల ఇంచుమించు ఒకటే.

"గేములకు కాదు. మా మేనకోడలు బొమ్మల సినిమా తీస్తుంది."

"అయితే ఆ పాప ఏది చెప్పిందో అదే తీసుకోండి. మార్చుకోవాలంటే వారంలోపల తేవచ్చు. కానీ పెట్టె ఎలా ఇస్తున్నానో అలానే ఉండాలి. గీత పడినా, మరక పడినా వెనక్కి తీసుకోను."

రెండు పెట్టెలూ పక్కపక్కన ఉన్నాయి. ఆ పిల్ల మాట నా చెవిలోనే ఉంది. కానీ కంటికి మాత్రం ఒక తట్ట కనిపించింది. ఆ తట్టలో పళ్ళ మధ్య ఆకుపచ్చ పెట్టె ములిగిపోయి ఉంది. బావ వాళ్ళ అక్క మెడ చాచి వెతుకుతోంది. మళ్ళీ లారీ మాట అంటుంది. మళ్ళీ అందరూ నవ్వుతారు. మా అక్క మళ్ళీ లోపలికి పోతుంది. ఎర్ర పెట్టె అయితే తట్ట నిండుతుంది. ఎరుపు మంగళకరం కూడా. పైగా ఎక్కువ ఇచ్చేది చెడ్డదెలా అవుతుంది? చిన్నపిల్ల, వీడియోలు చూసి ఏదో అనుకుంది, వాడేకొద్దీ అదే అలవాటవుతుంది.

"ఎర్రదే కట్టండి" అన్నాను.

ఫోన్ జేబులోనే ఉంది. ఒక్కసారి చేసి అడిగి ఉండొచ్చు. ఏం చెబుతుందో తెలుసు కాబట్టే అడగలేదు.

ఆయుధపూజ నాడు వాళ్ళ హాల్లో చుట్టాలంతా ఉన్నారు. తట్టల్లో పళ్ళు, బొరుగులు, పుట్నాలు, పువ్వులు, ఒక పట్టుచీర. నడిమి తట్టలో ఎర్ర పెట్టె. గుమ్మంలోకి అడుగు పెట్టగానే బావ వాళ్ళ అక్క, "అయ్యయ్యో, ఎంత పెద్ద పెట్టె! మేనమామ అంటే ఇట్ట ఉండాల" అంది. మా అక్క ముఖం వెలిగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా నేను చూడాలనుకున్న ముఖం అది.

ఆ పిల్ల గదిలోంచి ఉరుకుతూ వచ్చింది. పెట్టెను చూసింది. ఉరుకు ఆగింది. ఒక్క క్షణం నా వైపు చూసి, తర్వాత నవ్వింది. పెట్టె అందుకోబోయేలోగానే అక్క గిన్నె తీసుకొచ్చి, పెట్టెకు నాలుగు మూలలా పసుపు పూసి, గంధం పెట్టి, నడిమధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టేసింది. తడి పసుపు అట్టలోకి ఇంకిపోవడం నా కళ్ళారా చూశాను. మరక పడితే వెనక్కి తీసుకోనన్న మాట గుర్తొచ్చింది. నోరు తెరవలేదు.

"అది అడిగిందే తెచ్చినావు కదా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"ఆ" అన్నాను.

వంటింట్లో ఆ పిల్ల నాకు గ్లాసుతో నీళ్ళిస్తూ మెల్లగా అడిగింది. "మామా, ఆకుపచ్చది దొరకలేదా?"

"స్టాకు లేదమ్మా. పండగ కదా. కొట్టతను ఇది ఇంకా మంచిదన్నాడు."

ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకుంది. "పర్వాలేదు మామా. నేను చూసుకుంటా" అంది.

కార్డు తన కంప్యూటర్ డబ్బాలో పట్టలేదు. పక్క తలుపు తీసేస్తే గానీ ఇమడలేదు. దుమ్ము పడకుండా అక్క దాని మీద మా కొట్టు జాకెట్ గుడ్డ ఒకటి కప్పింది. ఇక సాఫ్ట్‌వేర్ అయితే ఆ పిల్ల చెప్పినట్టే దాన్ని కన్నెత్తి చూడలేదు. కార్డులో లోపమేం లేదు. మా వీధి కుర్రాళ్ళెవరికైనా ఇచ్చి ఉంటే నెత్తిన పెట్టుకునేవాళ్ళు. అది చేయలేని పని కోసం దాన్ని తెచ్చింది నేను. అమ్మేసి వేరేది కొంటానని ఆ పిల్ల అడిగిందట. "మేనమామ సీరు అమ్ముకుంటారా ఎవరైనా? పుస్తెలు అమ్ముకున్నట్టు ఉంటాది" అని అక్క ఒప్పుకోలేదు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఒప్పుకునేది.

వేరే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సినిమా మొదటినుంచీ మళ్ళీ చేయాలని చూసింది. టైము చాలలేదు. స్టూడియో వాళ్ళు వచ్చిన రోజు బిందెలు మెట్లు దిగడం వరకే రంగులు పడ్డాయి. నీలం బిందె వెనక్కి తిరగడం, ఆ కథకు ప్రాణమంతా ఉన్న చోటు, బూడిద రంగులోనే మిగిలింది. పూర్తికాని సినిమాను వాళ్ళు చూడనే లేదు.

ఆ తర్వాతి ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, చుట్టాలూ ఉన్నారు. మొదట చెప్పిన కాఫీ అప్పుడే తాగాను.

"ఏం తక్కువ చేసినాం నీకు? కోరిందే కదా కొనిచ్చింది! పాపం మీ మామ కష్టపడి కూడబెట్టి తెచ్చినాడు. దానికి కూడా విలువ లేకుండా పోయిందే!" అన్నాడు బావ. ఆయన కోపం ఎప్పుడూ గట్టిగా ఉండదు. ఆ రోజు గట్టిగా ఉంది, ఎందుకంటే ఆయన కూడా ఆ సినిమా మీద ఆశ పెట్టుకున్నాడు. "నీకు పట్టుదల లేదు. ఇంక చాలు. నువ్వు చెప్తే మళ్ళీ నమ్మను."

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. తండ్రికి ఏం బదులు చెప్పాలో నన్ను అడుగుతున్నట్టు చూసింది.

"పోనీలే బావా, చిన్నపిల్ల" అన్నాను.

అది జాలి మాటలా వినబడింది. కానీ ఆ మాటతో తప్పంతా ఆ పిల్లదేనని నేనూ సంతకం పెట్టినట్టయింది.

తర్వాత తను బ్యాంకు కోచింగ్‌లో చేరింది. సాయంకాలాలు చూలైలో పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళ దగ్గర వధూవరుల పేర్ల మీద పువ్వులు, అక్షింతలు ఎగిరించే పని చేసేది. సినిమా పూర్తిచేసి ఇంకో స్టూడియోకి పంపుతానని తను అంటే బావ వద్దన్నాడు. మళ్ళీ అడిగే ముఖం నీకు లేదన్నాడు. ఆ ఏడాదంతా కొట్లో నాకొక జబ్బు పట్టుకుంది. "పెద్ద పెట్టె వెయ్యండన్నా" అని ఎవరన్నా అంటే చెయ్యి ఆగిపోయేది. "చీర విప్పి చూడమ్మా ముందు. ఆమె కట్టుకుంటాదా లేదా అడిగినావా?" అనేవాణ్ణి. "అడిగేందుకు ఇదేమన్నా మా అమ్మకా? మా ఆడబిడ్డకి!" అని ఒకావిడ విసుక్కుంది. కొట్టు యజమాని, మా ముతలాళి కూడా నన్ను వింతగా చూశాడు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. అక్క కంప్యూటర్ తుడిచి, జాకెట్ గుడ్డ తీసి, బయటికి పొడుచుకొచ్చిన కార్డు అంచుకు బొట్టు పెట్టింది. బీరువా మీద ఎర్ర పెట్టె ఇంకా ఉంది. పోయినేటి కుంకుమ మరక గోధుమ రంగుకు తిరిగింది. బావ వాళ్ళ అక్క దాన్ని చూసి, "సీరు ఏమో నిండుగా వచ్చింది. పిల్లకే చేతకాలేదు" అంది. ఆ పిల్ల, మిద్దె మీద ఆరేసిన బట్టలు తెస్తానని లేచిపోయింది.

నేను వెనకాలే మిద్దెక్కాను. కాకులు వాలకుండా కట్టిన తీగల కింద బట్టలు మడత పెడుతోంది. నేను కూడా ఒక చీర అందుకుని మడతపెట్టడం మొదలుపెట్టాను. చేతులకు పని ఉంటే గానీ నాకు మాట రాదు.

"ఆకుపచ్చది ఆ రోజు కొట్లో ఉండిందమ్మా" అన్నాను.

"తెలుసు మామా."

తను మడత ఆపకుండానే చెప్పింది.

"నా ఫ్రెండు ఆ తర్వాతి రోజే అదే కొట్లో కొనింది. నువ్వు అబద్ధం చెప్పినావని అప్పుడే తెలుసు."

"మరి ఎందుకమ్మా చెప్పలేదు? మీ నాన్న అన్ని మాటలంటా ఉంటే?"

"చెప్పుంటే మేనత్త ఏమనేది? మేనమామ మోసం చేసినాడనేది. ఎన్నేళ్ళకో అమ్మ ఆ రోజు తలెత్తుకుని నిలబడింది మామా. నేనే దాన్ని కిందకి దించాలా?" చీర మడిచి మూటలో వేసి అంది, "నువ్వు చెప్తావనుకున్నా. ఆ కాఫీ అయ్యేలోగా చెప్తావనుకున్నా."

నేను ఏదో అనబోయాను. తను చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలుసు కదా. తెలియాల్సింది నాన్నకి. ఆయన నన్ను నమ్మడం మానేసినాడు మామా. ఆ కార్డు పోతే పోయింది. అది మాత్రం నాకు తిరిగి కావాల."

బట్టల మూటతో ఇద్దరం కిందికి దిగాం. హాల్లో అందరూ భోజనానికి ఆకుల ముందు కూర్చోబోతున్నారు. నేను కూర్చోలేదు. బీరువా మీది ఎర్ర పెట్టె దించి బావ ముందు పెట్టాను.

"ఏం బామ్మర్దీ, మళ్ళీ పూజా?" అని నవ్వాడు ఆయన.

"ఇది పిల్ల అడిగింది కాదు బావా. అది అడిగింది వేరేది. ఎందుకు కావాలో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది కూడా. ఆ కార్డు కొట్లో ఉండింది. పెట్టె చిన్నదిగా ఉండాదని, మీరంతా నవ్వుతారని, నేనే ఇది తెచ్చినా. అది లేదని దానికి అబద్ధం చెప్పినా. సినిమా పూర్తి కాకపోవడానికి కారణం నేను. దానికి పట్టుదల లేదని నువ్వు తిట్టిన రోజు పక్కనే ఉండి నోరు మూసుకున్నా."

బావ వాళ్ళ అక్క పెట్టె మీంచి చూపు తిప్పుకుంది. మా అక్క నా వైపు చూస్తూ ఉంది. ఈసారి లోపలికి పోలేదు. బావ పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి గుమ్మం దగ్గర బట్టల మూటతో నిలబడ్డ కూతుర్ని చూశాడు. "ఎందుకే చెప్పలేదు?" అన్నాడు. లేచి కూతురి చేతిలోని మూట అందుకున్నాడు. తను తల వంచుకుంది.

మా ఇళ్ళల్లో మేనమామ దీవిస్తాడు గానీ క్షమించమని అడగడు. ఆ మాట ఎలా అనాలో నాకు తెలియలేదు. వచ్చినట్టే అన్నాను.

"తప్పు నాదమ్మా. నీ మాట వినలేదు, నీకు అబద్ధం చెప్పినా, నీ తరఫున మాట్లాడాల్సిన రోజు మాట్లాడలేదు. నలుగురిలో నీ పేరు పోయింది, అందుకే నలుగురిలో అడుగుతా ఉండా. నన్ను క్షమించు."